దక్షిణం దర్వాజ

ఇంటి ఓనరు ఫోన్ చేసేసరికి మంజుల బస్సు బీర్కూర్ నుంచి అప్పుడే తిరుగుముఖం పట్టింది. బస్సులో కాలు పెట్టే చోటు లేదు. కాలేజీ పిల్లలు, దవాఖానకు పోయే ముసలివాళ్లు, బాన్సువాడలో సామాన్లు కొనడానికి పోయే ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నారు. మంజుల ఒక చేత్తో టికెట్ మిషన్ నొక్కుతూ, ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

"మంజులా, ఇనవడ్తుందా? ఇల్లు ఖాళీ చెయ్యాలమ్మా. మా అల్లుడు అది కూలగొట్టి మడిగెలు కడ్తా అంటుండు. దుకాణాలకైతే కిరాయి మంచిగొస్తదట."

"ఎప్పటికి అన్నా?"

"ఆరు నెలలు తీస్కో. నేనేమన్న ఇయ్యాల్నే ఎల్లగొడ్తున్ననా?"

"సరే అన్నా" అంది మంజుల. ఫోన్ సంచిలో పడేసి, "ఇంకెవలమ్మా టికెట్ తీస్కోనోళ్లు? ఆధార్ కార్డులు చేతుల పట్టుకోండ్రి" అని మామూలుకంటే గట్టిగా అరిచింది. ముందు సీట్లో నిద్రపోతున్న పిల్లాడు ఉలిక్కిపడి లేచాడు.

పద్దెనిమిదేళ్ల కాపురంలో ఇప్పటికి ఐదిళ్లు మారారు. ఇది ఆరోది. ఒక ఓనరు కొడుక్కి పెళ్లయిందని, ఒకరు అమ్మేశామని, ఒకరు నీళ్లు ఎక్కువ వాడుతున్నారని పొమ్మన్నారు. మంజులది బాన్సువాడ డిపోలో కండక్టర్ ఉద్యోగం. భర్త ఆశన్న ట్రాక్టర్లు, వరికోత మిషన్లు బాగుచేస్తాడు. కోతల కాలంలో అన్నం తినడానికి తీరిక ఉండదు, మిగతా రోజుల్లో షెడ్డు ముందు కుర్చీలో కూర్చుని దారి చూస్తుంటాడు. కూతురు సింధుజ ఇంటర్ చదువుతోంది. అత్త సాయవ్వ, నడుం పట్టేసినప్పటి నుంచీ కోటగిరి పక్కనున్న ఊరు వదిలి వీళ్లతోనే ఉంటోంది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో కోటగిరి రోడ్డు మీద ఒక ప్లాటు వాళ్ల చేతిదాకా వచ్చింది. చూడటానికి ఆశన్న పోయి, "గా జంగల్ల ఎవడుంటడే? పొద్దుగూకితే నక్కలు తిరుగుతయి" అని వచ్చేశాడు. ఆ డబ్బు పెట్టి ఎవరితోనో కలిసి పాత కోత మిషన్‌లో భాగం కొన్నాడు. మూడు సీజన్లకే మిషన్ ముక్కలు ముక్కలుగా తుక్కు కిందికి పోయింది. నక్కలు తిరిగిన చోట ఇప్పుడు పెట్రోల్ బంకు ఉంది, దాని పక్కన ఫంక్షన్ హాలు ఉంది. కోటగిరి డ్యూటీ పడిన రోజున మంజుల ఆ చోటు రాగానే మొహం రెండో వైపుకి తిప్పుకునేది.

మొహం తిప్పుకున్నా చూడక తప్పేది కాదు. రెండో వైపు కూడా వరి మడుల మధ్య రంగు రంగు జెండాలే. నిన్న నాటు వేసినట్టున్న పొలంలో ఇవాళ రాళ్లు పాతి ఉండేవి. వెంచర్ పేరుతో పెద్ద కమాను లేచేది. కమానుకి వెనుక ఇల్లేమీ ఉండదు, మేకలు మేస్తుంటాయి. మునుపు బస్సులో మాటలంటే కాలువకి నీళ్లెప్పుడొదులుతారు, వడ్లు ఎప్పుడు కాంటా పెడతారు, ఎవరి బిడ్డకి ఎక్కడి సంబంధం కుదిరింది. ఇప్పుడు ఎవరు నోరు విప్పినా గజం రేటే. టికెట్లు కొడుతూనే మంజుల ఆ లెక్కలన్నీ వినేది.

ఓనరు ఫోన్ చేసిన రోజు సాయంత్రం ఆమె భర్తతో ఒకే మాట అంది. "ఇగ కిరాయికి పోను. చిన్నదో పొన్నదో, కొందాం."

వారానికి వచ్చే ఒక్క సెలవూ ఇళ్లు చూడటానికే అయిపోయింది. సాయన్న అనే బ్రోకరు తిప్పేవాడు. తెల్ల చొక్కా, రెండు ఫోన్లు, మనిషి మాటలో తీపి. ఆయన చూపిన మొదటి ఇంట్లో గోడకు చేయి వేస్తే సున్నం తడిగా అరచేతికి అంటుకుంది. ఇంకొకటి చూడ ముచ్చటగా ఉంది, మంజుల వంటగదిలో నిలబడి పొయ్యి ఎక్కడ పెట్టాలో కూడా అనుకుంది. బయటికి వస్తుంటే పక్కింటావిడ దగ్గరికి పిలిచి, "అక్కా, వానలల్ల అచ్చి చూడు. ఇది చెర్వు జాగ" అని చెవిలో చెప్పింది. నచ్చిన ఇల్లేదైనా ఉంటే ఆలోచించుకోవడానికి రెండు రోజులు పట్టేది. మూడో రోజు ఫోన్ చేస్తే ధర మారిపోయి ఉండేది.

"అక్కా, నువ్వు ఆలోచన చేసే లోపట ఊరు ఉరుకుతుంది" అనేవాడు సాయన్న.

మంజులకి కూర్చుంటే నిలబడాలనిపించేది, నిలబడితే నడవాలనిపించేది. అన్నం ముందు కూర్చుని ఫోన్‌లో ఇళ్ల ఫొటోలు చూసేది. ఒకసారి ఏకంగా ఒక స్టేజీ దాటిపోయేదాకా బెల్లు కొట్టడం మరిచిపోతే దిగాల్సిన మనిషి తిట్టుకుంటూ వెనక్కి నడిచిపోయాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కనకరత్నం ఇంటి మాట వచ్చింది.

కనకరత్నానికి డెబ్బై ఏళ్లుంటాయి. పెళ్లయిన కొత్తలో భర్తతో గోదావరి జిల్లా నుంచి వచ్చి, బీర్కూర్ దారిలో ఆంధ్రా వాళ్లుండే క్యాంపులో కాలువ కింద పొలం చేసుకుని స్థిరపడిన మనిషి. భర్త పోయాడు. కొడుకు వెంకటనారాయణ క్యాంపులోనే వ్యవసాయం చేస్తాడు. ఆమె ప్రతి గురువారం మంజుల బస్సెక్కి బాన్సువాడ వస్తుంది. వాళ్లిద్దరి పరిచయం గొడవతో మొదలైంది. ఆడవాళ్లకు బస్సు ఉచితమైన కొత్తలో ఆమె ఆధార్ కార్డు మరిచిపోయి ఎక్కింది. మంజుల టికెట్ తీసుకోమంది.

"ఏవమ్మాయ్, యాభై ఏళ్లుగా ఈ నేల మీదున్నాను. నా మొహం చూస్తే తెలీదూ?"

"మొకం చూసి జీరో టికెట్ కొట్టరాదు పెద్దమ్మా. కార్డు సూపియ్యాలె. రూల్ అంటే రూలే."

బాన్సువాడ వచ్చేదాకా కనకరత్నం తిడుతూనే ఉంది. ఇరవై రూపాయలు మాత్రం ఇచ్చింది. మరుసటి గురువారం మెట్టెక్కుతూనే కార్డు మంజుల మొహం ముందు పెట్టి, "బాగా చూసుకో, మళ్లీ నేను కాదనేవు" అంది. బస్సంతా నవ్వింది. అప్పటి నుంచీ ఇద్దరికీ మాటలు కలిశాయి.

ఒక గురువారం ఖాళీగా ఉన్న సీట్లో మంజుల ఆమె పక్కన కూర్చుని ఇంటి వెతుకులాట చెప్పుకుంది. కనకరత్నం కిటికీలోంచి చూస్తూ విని, "నాదొకటుంది" అంది. పిల్లల చదువు కోసం అప్పట్లో బాన్సువాడలో కట్టుకున్న మూడు గదుల స్లాబు ఇల్లు. కిరాయికున్న వాళ్లు పోయి ఏడాదైంది. గురువారం గురువారం ఆమె వచ్చేది దాన్ని ఊడ్చిపోవడానికే. ఇక మోకాళ్లు బస్సు మెట్లెక్కనివ్వడం లేదు.

"మరి ఎందుకు అమ్మలేదు పెద్దమ్మా ఇన్ని రోజులు?"

"దక్షిణం మొహం ఇల్లమ్మా. పైగా సందు సూటిగా వచ్చి గుమ్మానికి తగుల్తుంది. వీధిపోటంటారు. ఆ సాయన్న నాలుగుసార్లొచ్చాడు. వచ్చినప్పుడల్లా ఇదో దరిద్రం, అదో దరిద్రం అని సగం ధరకు అడగడం. పొమ్మన్నాను. ముగ్గురు పిల్లల్ని పెంచానందులో. మాకేం కాలేదు."

ఆమె దగ్గర తాళంచెవి తీసుకుని, డ్యూటీ దిగి మంజుల అటే పోయింది. కారు పట్టని సందు. సందు చివర నీలం రంగు తలుపు. లోపల గచ్చు చల్లగా ఉంది. వంటగది కిటికీ పెద్దది. వెనక ఉత్తరం వైపు ఒక తలుపు, అది తీస్తే నలభై గజాల ఖాళీ దొడ్డి, అందులో కరివేపాకు చెట్టు, బట్టలుతికే బండ, వెనక గల్లీలోకి చిన్న గేటు. ఇన్నాళ్లూ ఇళ్లు చూస్తూ తిరిగిన మనిషికి ఆ బండ మీద కూర్చోగానే కాళ్లు ఒక్కసారిగా లాగాయి. ఎంతసేపు కూర్చుందో ఆమెకే తెలియలేదు.

కనకరత్నం చెప్పిన ధర ఊళ్లో రేటు కంటే చాలా తక్కువ. ఆశన్న సరేనన్నాడు. సాయవ్వ మాత్రం మంచం మీంచి లేచి కూర్చుంది.

"దక్షిణమా? యముని దిక్కుకి దర్వాజ పెట్టిన ఇంట్ల నేను కాలు పెట్ట. నన్ను ఊరికి తోల్రి."

"అత్తమ్మా, తూర్పు దర్వాజ కావాల్నంటే ఇంకో పది లక్షలు కావాలె."

"గదేమో నాకెర్క లేదు."

చివరికి సింధుజ మధ్యలో దూరింది. వెనక తలుపు ఉత్తరానికే ఉంది కదా, నాయనమ్మ అటు నుంచే వచ్చిపోవచ్చు అంది. సాయవ్వ కాసేపు లెక్క వేసుకుని, "అట్లయితే ఎనుకకెల్లే వస్త. ముంగటి దర్వాజ దాటిపియ్యద్దు నన్ను" అని ఒప్పుకుంది. బయానా ఇచ్చి, మిగతా డబ్బుకి మూడు నెలల గడువుతో అగ్రిమెంటు రాసుకున్నారు.

అగ్రిమెంటయితే మనసు కుదుటపడుతుందనుకుంది మంజుల. నెల తిరగకముందే ఊళ్లో మాట పుట్టింది. ఆ సందు మొదలున్న రోడ్డును వెడల్పు చేస్తారట, కొత్త ఆఫీసులు అటే వస్తాయట. ఎవరన్నారో ఎవరికీ తెలియదు. ఏ కాగితమూ ఎవరూ చూడలేదు. అయినా వారంలో అక్కడి ధరలు ఎగిరి కూర్చున్నాయి. దక్షిణం ముఖం అని ముక్కు విరిచినవాళ్లే సందులోకి వచ్చి అడుగులతో కొలుచుకున్నారు. ఇటు మంజుల వాళ్లుంటున్న ఇంటి ఓనరు అల్లుడికీ ఆ మాట చేరింది. ఖాళీ చేయడానికి ఇచ్చిన గడువు తీరకుండానే ముందు ప్రహరీ కూలగొట్టించాడు. ఇంట్లో గిన్నెల మీద, మంచాల మీద, సింధుజ పుస్తకాల మీద ఎర్రటి ఇటుక దుమ్ము.

ఒక మధ్యాహ్నం ఆశన్న డిపో దగ్గరికి వచ్చాడు. ఎప్పుడూ రాని మనిషి. మంజుల టిఫిన్ డబ్బా మూత కూడా తీయలేదు.

"సాయన్న షెడ్డుకు అచ్చిండు. మన అగ్రిమెంటు ఆయన తెచ్చిన పార్టీ పేరు మీదికి మార్చి రాసియ్యమంటుండు. మన బయానా మనకు, పైనుంచి ఐదు లక్షలిస్తడట."

మంజుల డబ్బాను బెంచీ మీద పెట్టేసింది.

"ఐదు లక్షలే! ఇంట్ల కాలు గూడ పెట్టకుండనే. నేను రెండేండ్లు నడుములిర్గ చేసినా గన్ని మిగలయి."

"మరి ఇల్లో?"

"పైసలు చేతులుంటే ఇంకోటి చూస్కుందాం. అవ్వకు గూడ తూర్పు దర్వాజ దొర్కుతది."

వద్దనాలని ఆమె నోటిదాకా వచ్చింది. అనలేకపోయింది. ఆమెకీ ఆశ పుట్టింది. ఆ మధ్యాహ్నమంతా టికెట్లు కొడుతున్నా కళ్ల ముందు ఆ డబ్బే. సింధుజ చదువు, ఆశన్నకి కొత్త సామాన్లు, తూర్పు వాకిలి. ఇంటికి వచ్చి కూడా సాయన్నకు ఫోన్ చేయాలని రెండుసార్లు నంబరు తీసి, రెండుసార్లు పెట్టేసింది.

సెలవు రోజున కూతుర్ని వెంటపెట్టుకుని మహమ్మద్ నగర్ పోయింది. కొత్త మండలం కదా, అక్కడేదైనా చవకగా దొరుకుతుందని. ఎండలో నాలుగు గల్లీలు తిరిగారు. మండలం అయ్యాక అక్కడా రేట్లు మారిపోయాయి. ఒక రేకుల ఇంటికి అడిగిన ధర విని సింధుజ నవ్వేసింది.

బస్టాప్‌లో చెరకు రసం తాగుతూ, "మమ్మీ, సింపుల్ లాజిక్" అంది. "మన ఇల్లు రేటు పెరిగిందంటే అన్ని ఇండ్లవీ పెరిగినట్టే గద. అది అమ్మి ఇంకోటి కొనాల్నంటే ఆ ఐదు లక్షలు ఆ ఇంటోళ్లకే పోతయి. మళ్ల మనం కిరాయి ఇల్లే."

మంజులకి ఆ మాట తెలియక కాదు. తెలిసినదాన్ని కూతురు పైకి అనేసరికి గ్లాసు కింద పెట్టేసింది. అయినా ఆ రోజు కూడా వద్దని సాయన్నతో చెప్పలేదు. చెప్పకుండా మూడు రోజులు నానబెట్టింది.

గురువారం వచ్చింది. కనకరత్నం కడ్డీ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కి, మంజుల సీటు పక్కనే కూలబడింది. ఊపిరి తీసుకున్నాక చెప్పింది. సాయన్న వెంకటనారాయణ దగ్గరికి కూడా పోయాడట. మంజులకు బయానా రెండింతలు తిరిగిచ్చేసి అగ్రిమెంటు రద్దు చేసుకోమన్నాడట.

"మావాడు రెండ్రోజుల నుంచీ నా ప్రాణం తోడేస్తున్నాడు. నేనన్నాను, ఒరే, ఇరవై రూపాయల టికెట్ కోసం నాతో ఊరంతా వినేలా తగువేసుకున్న మనిషిరా ఆ పిల్ల. రూలంటే రూలంది. ఆ పిల్ల మాట తప్పదు. మనం ఎలా తప్పుతాం?"

మంజులకి మెడ వంగిపోయింది. మిషన్‌లో కాగితం రోల్ సరిచేస్తున్నట్టు కాసేపు గీకింది. దాచుకుంటే దాగేదే. కానీ మనసు ఊరుకోనివ్వలేదు.

"పెద్దమ్మా, నేను గూడ అమ్ముకుందామనుకున్న. సాయన్న మాకు గూడ చెప్పిండు. నాలుగు రోజులాయె, ఔనన్లే, కాదన్లే."

బస్సు రెండు స్టేజీలు దాటింది. కనకరత్నం కిటికీ వైపే చూస్తోంది. మంజుల లేచిపోయి వెనక టికెట్లు కొట్టి వచ్చేసరికి ముసలావిడ మొహం ఇటు తిప్పింది.

"అనుకోడానికేముందిలే అమ్మాయ్. మావాడు చెప్పిన రోజున నేను మాత్రం లెక్కలేసుకోలేదా? రెండు పూటలు వేసుకున్నాను. ఇంతకీ ఉంటావా, అమ్ముతావా?"

"ఉంటం."

"అయితే తొందరగా రాయించుకో. నాకు మళ్లీ ఆశ పుట్టకముందే."

ఆ సాయంత్రం మంజుల సాయన్నకు ఫోన్ చేసి వద్దని చెప్పింది. ఆశన్న రెండు రోజులు ముభావంగా తిరిగాడు. మూడో రోజు తనే పోయి ఆ ఇంటి బోరు మోటారు విప్పి బాగుచేసి వచ్చాడు.

అంతటితో తీరిందనుకుంటే బ్యాంకు వాళ్లు ఫోన్ చేశారు. ఇల్లు గ్రామ పంచాయతీ కాలంలో కట్టింది, స్లాబుకి అనుమతి కాగితం లేదు, అనుకున్నంత లోను ఇవ్వలేమన్నారు. నాలుగు లక్షలు తగ్గింది. గడువు ఇరవై రోజులే. వెంకటనారాయణ ఫోన్‌లో మర్యాదగానే, "గడువు దాటితే అగ్రిమెంటు రద్దేనమ్మా. అప్పుడు మా అమ్మ కూడా నన్ను ఆపలేదు" అన్నాడు. పైగా వచ్చే ఒకటో తారీఖు నుంచి రిజిస్ట్రేషన్ ఖర్చులు పెరుగుతాయని ఊళ్లో ఇంకో పుకారు. మంజుల తోబుట్టువుల్ని అడిగింది, డిపోలో అడిగింది. గాజులు, మెడలో గొలుసు తాకట్టు పెట్టిన డబ్బు అప్పటికే బయానాలో కలిసిపోయింది. అన్నం సహించడం మానేసింది.

ఒకరోజు ఏమీ తోచక ఆ ఇంటికి పోయి, దొడ్లో బండ మీద కూర్చుంది. పక్కింటి జమునాబాయి గోడ మీంచి చూసింది. మరాఠీ ఆవిడ, నాలుగు బర్రెలు పెట్టుకుని పాలు పోస్తుంది. నోరు పెద్దదే కానీ మనసు చెడ్డది కాదని కనకరత్నం చెప్పి ఉంది.

"ఏం బాయీ, గట్ల కూసున్నవ్? ఇల్లు పోయిందా ఏంది?"

మంజుల ఉన్న సంగతి చెప్పింది. జమునాబాయి చేతులు కొంగుకి తుడుచుకుని, దొడ్డి ఈ మూల నుంచి ఆ మూలకి చూసింది.

"నా బర్రెలకు జాగ లేదు. రోడ్డు మీద కడితే మున్సిపాలిటోళ్ల లొల్లి. గీ దొడ్డి నాకియ్యి. నాలుగు లక్షలు నేనిస్త. ముప్పై ఏండ్ల సంది కనకమ్మను అడుగుతున్న, పిల్లలకు ఆడుకోను జాగ కావాలె అంటుండె."

మంజుల కరివేపాకు చెట్టు వైపు చూసింది. ఇంటిలో తనకు నచ్చిందే ఆ దొడ్డి. కరివేపాకు పక్కన నిమ్మ మొక్క పెడదామనుకుంది, తీగ కట్టి బట్టలారేద్దామనుకుంది. పైగా దొడ్డి పోతే వెనక తలుపు ముందు మూడడుగుల సందే మిగులుతుంది. అటు నుంచి దారి ఉండదు. అత్త ఇంట్లోకి వచ్చేదెలా? ఆలోచించుకోవడానికి టైం కావాలని నోరు తెరిచింది. ఇంతకు ముందు ఆలోచించుకుంటూ కూర్చున్న ప్రతిసారీ ఏమైందో గుర్తుకొచ్చింది.

"ఇస్త" అంది. అని, బండ మీదే కూర్చుని ఏడ్చింది. జమునాబాయి గోడవతల నుంచి చెంబుతో నీళ్లందించింది.

ఇల్లు మంజుల పేర, దొడ్డి జమునాబాయి పేర రెండు కాగితాలు ఒకే రోజు రాయించుకోవడానికి నెలాఖరు రోజు పోయారు. పుకారు నమ్మినవాళ్లంతా ఆ రోజే వచ్చారు. రిజిస్ట్రేషన్ ఆఫీసు వరండాలో నిలబడే చోటు లేదు, బెంచీ మీద కనకరత్నాన్ని కూర్చోబెట్టడానికి మంజుల ఇద్దర్ని లేపాల్సి వచ్చింది. పొద్దున పదింటికి పోతే పిలుపొచ్చేసరికి మూడు దాటింది. వెంకటనారాయణ సాక్షి సంతకం పెట్టాడు. మొహంలో సంతోషం లేదు కానీ చేయి ఆగలేదు. తర్వాత కనకరత్నం బొటనవేలు మిషన్ మీద పెట్టింది. ఎర్ర లైటు. తుడిచి పెట్టింది. ఎర్ర లైటు. వేళ్లన్నీ మార్చి మార్చి చూశారు. యాభై ఏళ్లు నారు పీకి, అంట్లు తోమిన వేళ్లు. గీతలే లేవు.

"పక్కకు జరగండి. రేపు చూద్దాం" అన్నాడు కంప్యూటర్ ముందున్న కుర్రాడు. వెనక ఉన్నవాళ్లు అప్పటికే ముందుకు తోసుకొస్తున్నారు.

"రేపంటే ఎట్ల సార్? గడువు ఇయ్యాల్టితోనే అయిపాయె" అంది మంజుల. వెంకటనారాయణ వాచీ చూసుకున్నాడు.

జమునాబాయి అప్పటికే బయటికి ఉరికింది. రెండు నిమిషాల్లో సలసల మరిగే చాయ్ గ్లాసు పట్టుకొచ్చింది.

"రేషన్ దుకాణంల నాక్కూడ గిట్లనే అయితది. పాలు పిండే చేతులు గద. కనకమ్మా, తాగకు. గ్లాసు గట్టిగ పట్టుకో. వేళ్లు మెత్తబడాలె."

కనకరత్నం కాలుతున్నా రెండు చేతులతో గ్లాసు పట్టుకుంది. మంజుల చేతులు ఆమె చేతుల మీద వేసింది. లైనులో వెనకున్నతను గొణిగాడు. కుర్రాడు తల గోక్కుని, "ఇంకొక్కసారే" అన్నాడు. కనకరత్నం వేలు పెట్టింది. మిషన్ కాసేపు ఆలోచించింది. పచ్చ లైటు వెలిగింది.

"చాయ్ చల్లారిపోయింది. ఇప్పుడు తాగొచ్చా?" అంది కనకరత్నం. మంజులకి నవ్వు, ఏడుపు రెండూ వచ్చాయి.

నాలుగు రోజుల్లో సామాను ఎత్తారు. సాయవ్వకు దొడ్డి సంగతి ఆఖరు దాకా చెప్పలేదు. ఆటో సందు మొదట ఆగిపోయింది. ఆమె చేతికర్రతో నడిచి వచ్చి, వెనకకు పోదామంటే దారిలేదని తెలిసి, అక్కడే నిలబడి కొడుకునూ కోడలినీ కలిపి తిట్టింది. ఎండ నెత్తి మీదికి వస్తోంది. కాళ్లు లాగుతున్నాయి. చివరికి మనవరాలి భుజం పట్టుకుని, కళ్లు రెండూ గట్టిగా మూసుకుని, ఏ దేవుణ్ణో పిలుచుకుంటూ నీలం తలుపు దాటింది. లోపలికి వచ్చి కళ్లు తెరిచి, గచ్చు మీద అరికాలు ఆనించి చూసింది. "సల్లగనే ఉంది" అంది. తర్వాత ఆ విషయం మళ్లీ ఎత్తలేదు.

మంజుల మాత్రం వెంటనే కుదురుకోలేదు. రోడ్డు వెడల్పు అన్నారు, ఇంతవరకూ ఒక్క రాయీ కదల్లేదు. ధరలు కొన్నాళ్లు నిలబడ్డాయి, మళ్లీ కదిలాయి. బస్సులో ఎవరైనా గజం రేటు అంటే ఆమె చెవి అటే పోతుంది. తప్పు చేశామా అని ఒక రోజు, బతికిపోయామని ఒక రోజు. ప్రతి నెలా జీతంలోంచి లోను పోయినప్పుడు మిగిలింది రెండుసార్లు లెక్కపెట్టుకుంటుంది. వంటగదిలో నిలబడితే ఇంకా ఎవరో వచ్చి ఖాళీ చేయమంటారేమోనని వాకిలి వైపు చూస్తుంది.

వానాకాలం మొదట్లో ఒక ఉదయం, డ్యూటీకి తయారవుతూ పప్పు పొయ్యి మీద పెట్టి తల దువ్వుకుంటోంది. వంటగదిలో ఏదో బుస్సుమన్న చప్పుడు. పోయి చూస్తే, దొడ్లో కట్టేసిన జమునాబాయి బర్రె మూడడుగుల సందులోకి మెడ చాపి, కిటికీలోంచి తల లోపలికి దూర్చి, గట్టు మీద కడిగి పెట్టిన కొత్తిమీర కట్ట నమిలేస్తోంది.

మంజుల గరిటె పట్టుకుని సందులోకి వచ్చింది.

"జమునాబాయీ! ఏందిది? బర్రెను ఇంట్లకు తోలినవా?"

"అగ్గ బాయీ, అది మూగజీవి. నువ్వెందుకు కిటికీ తెరిచి పెట్టినవ్?"

"నా ఇల్లు! నా కిటికీ! తెరుస్త, మూస్త, నా ఇష్టం. నువ్వు తాడు పొట్టిగ కట్టు!"

"నా జాగల నా బర్రె ఎట్లనన్న నిలబడ్తది!"

పద్దెనిమిదేళ్లు ఆరు ఇళ్లలో మంజుల ఏ పక్కింటివాళ్లతోనూ గొంతు పెంచలేదు. ఓనరు వింటాడని, మాట మీదికొస్తే సామాను సర్దుకోవాల్సి వస్తుందని, ఎదుటివాళ్లు ఏమన్నా తలదించుకుని లోపలికి పోయేది. ఇప్పుడు చీర కొంగు నడుంలో దోపి, సందు మొదటిదాకా వినిపించేలా అరుస్తోంది. ఆశన్న బ్రష్ నోట్లో పెట్టుకుని బయటికి వచ్చి, భార్యను గుర్తుపట్టనట్టు చూశాడు. సాయవ్వ లోపలి నుంచి, "గట్టిగ అను బిడ్డా, గా కొత్తిమీరి పైసలు అడుగు" అని కేకేసింది.

గొడవ పావుగంట నడిచింది. మొదటి ట్రిప్పు బస్సుకి టైమవుతోంది. మంజులకి అసలు లోపలికి రాబుద్ధి కాలేదు.